కుదువపెట్టిన నగలతో అమెరికా షేర్లా?

ప్రశ్న: నా వయసు 34. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీ క్వాలిటీ విభాగంలో పని చేస్తున్నాను. జీతం చేతికి 52 వేలు వస్తుంది. నా భార్య ఉద్యోగం చేయదు, పాపకు నాలుగేళ్లు. అమ్మానాన్నలు దేవరకద్ర దగ్గర ఊళ్లో ఉంటారు. మూడెకరాల పత్తి, ఒక బోరు. ఆరు నెలల కింద ఒక యాప్‌లో అమెరికా షేర్ల ఖాతా తెరిచి 3.20 లక్షలు పెట్టాను. అందులో 2 లక్షలు నా భార్య నగలు బ్యాంకులో కుదువపెట్టి, ఇంటి ఖర్చులకని రాసిచ్చి తెచ్చినవి. వడ్డీ 9.5 శాతం. మూడు టెక్ కంపెనీల షేర్లు, సూచీకి మూడింతలు కదిలే ఈటీఎఫ్ (షేరులా కొని అమ్ముకునే ఫండ్) ఒకటి కొన్నాను. ఇప్పుడు మొత్తం విలువ 2.85 లక్షలు. తగ్గినప్పుడు ఇంకొన్ని కొని సగటు ధర దించుకోమని తోటి ఉద్యోగులు అంటున్నారు. 14 శాతానికి 5 లక్షల పర్సనల్ లోన్ సిద్ధంగా ఉందని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అది తీసుకుని ఏ షేర్లు కొనాలి? డబ్బు బయటికి పంపితే బ్యాంకు ముందే పట్టుకునే టీసీఎస్ పన్ను పడుతుందా? పొదుపు ఖాతాలో 18 వేలు ఉన్నాయి.
- ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఆ లోన్ తీసుకోకండి. ఏ షేర్లు కొనాలన్న ప్రశ్నకు ఇప్పుడు మీ దగ్గర తావే లేదు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె చివరన, పోతూ పోతూ రాసిన ఆ 18 వేలు. ఐదుగురు ఆధారపడ్డ జీతం, దాని వెనక పదహారు రోజుల ఖర్చుకు సరిపడా సొమ్ము. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి. ఊరూ కంపెనీ మారతాయి గానీ పొరపాటు ఒక్కటే కాబట్టి మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు అప్పు సంగతి. ఎల్ఆర్ఎస్ (మనం విదేశాలకు డబ్బు పంపుకునేందుకు రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం) కింద విదేశీ పెట్టుబడులకు పంపే సొమ్ము కోసం బ్యాంకులు ఎలాంటి అప్పూ ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఇంటి ఖర్చులకని రాసిచ్చి ఆ డబ్బును డాలర్లుగా మార్చి పంపితే ఆ రాత మీ సంతకంతోనే ఉంటుంది. డాలర్లు పంపేటప్పుడు ఏ2 ఫారంలో డబ్బు నాదే, నిషేధించిన పనులకు వాడను అని మళ్లీ డిక్లరేషన్ ఇస్తారు. యాప్‌లో అది ఒక టిక్కు మాత్రమే కాబట్టి ఎవరూ చదవరు. ఇప్పటికే ఒకసారి చేశారు, రెండోసారి వద్దు.

నిబంధన పక్కన పెట్టి లెక్కే చూద్దాం. 5 లక్షలు, 14 శాతం, ఐదేళ్లు. నెల కిస్తీ 11,634 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 6.98 లక్షలు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి 11,800 ముందే పట్టుకుని మిగిలింది ఖాతాలో వేస్తారు. మీ ఖర్చులు నెలకు 34,500 అనుకున్నాను: అద్దె 8,500, సరుకులు, పాలు, కరెంటు, ఫోన్లు కలిపి 14,500, పాప బడి సగటున 3,000, ఊరికి పంపేది 5,000, బండి కిస్తీ 3,500. ఇందులో మీకు తేడా ఉంటే సరిదిద్దుకోండి. 52 వేలల్లో మిగిలే 17,500 నుంచి కొత్త కిస్తీ పోతే 5,866. నగల అప్పు వడ్డీ ఏడాదికి 19,000, అంటే నెలకు దాదాపు 1,580. చివరికి చేతిలో ఉండేది 4,300 రూపాయలు. షేర్లు పెరుగుతాయో లేదో తర్వాతి మాట, కిస్తీ మాత్రం వచ్చే నెల ఐదో తారీఖునే మొదలవుతుంది.

సగటు ధర దించుకోవడం మిగులు సొమ్ము ఉన్నవాళ్ల పని. అప్పు తెచ్చి సగటు దించడమంటే పడిపోతున్న షేరు మీద ఇంకా పెద్ద మొత్తం కట్టడమే. మీ మిత్రుల్లో ఒక్కరైనా మీ కిస్తీ కడతానన్నారా?

ఆ మూడింతల ఈటీఎఫ్ విషయం విడిగా చెప్పాలి. ఎల్ఆర్ఎస్‌లో మార్జిన్ (అరువు మీద షేర్లు కొనడానికి కట్టే పూచీ సొమ్ము) కోసం డబ్బు పంపడానికి వీల్లేదు. కానీ ఈ ఈటీఎఫ్ తన లోపలే అరువు, డెరివేటివ్‌లు (ధరల కదలిక మీద రాసుకునే ఒప్పందాలు) వాడి అదే పని చేస్తుంది, మనకేమో మామూలు షేరులా కనబడుతుంది. అది సూచీకి మూడింతలు కదిలేది ఒక్కరోజు లెక్కన, ఏడాది లెక్కన కాదు. సూచీ 100 నుంచి 90కి పడి, మర్నాడు మళ్లీ 100కి వచ్చిందనుకోండి. సూచీకి నష్టం లేదు. మీ ఈటీఎఫ్‌లో లక్ష పెడితే మొదటి రోజు 30 శాతం పోయి 70,000 అవుతుంది, మర్నాడు 33.3 శాతం పెరిగి 93,333 దగ్గర ఆగుతుంది. సూచీ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంది, మీకు 6,667 పోయింది. మార్కెట్ ఊగుతున్నకొద్దీ ఇది తరుగుతూనే ఉంటుంది. రోజువారీ వ్యాపారం చేసేవాళ్ల కోసం తయారైన సరుకు ఇది. నగలు కుదువపెట్టి తెచ్చిన పైసలను అందులో ఆరు నెలలు ఉంచడం నాకు అసలు మింగుడుపడలేదు.

ఇక అసలు విషయం, అత్యవసర నిధి. షేర్లు ఎప్పుడైనా అమ్ముకోవచ్చు కదా, అవే నా నిధి అని చాలామంది అంటారు. అమెరికా షేర్ల విషయంలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. శనివారం పొద్దున మీ నాన్నగారిని మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది, కౌంటర్లో అడ్వాన్స్ 50 వేలు అడిగారు. అక్కడి మార్కెట్ తెరిచేది మన లెక్కన సోమవారం రాత్రి 7 గంటలకు, చలికాలంలో అయితే 8 గంటలకు. సోమవారం రాత్రి అమ్మితే లావాదేవీ సెటిల్ అయ్యేది మంగళవారం. ఆ తర్వాతే విత్‌డ్రా కోరగలరు. అక్కడి నుంచి వైర్ బయల్దేరి, మన బ్యాంకుకు చేరి, ఇది ఏం డబ్బు, పర్పస్ కోడ్ ఏది అని బ్యాంకు అడిగి, మీరు జవాబిచ్చి, రూపాయల్లో జమ అయ్యేసరికి వారం ముగుస్తుంది. మధ్యలో అక్కడో ఇక్కడో సెలవు పడితే ఆ పైవారం. అంతలో మీరు ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తారు. అది ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. మీ షేర్లు ఏటా ఆ మిత్తిని దాటి పెరుగుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మీ ఇంట్లో ప్రమాదం రెండు వైపుల నుంచి ఉంది. ఒకటి ఉద్యోగం. ఫార్మాలో ఒక తనిఖీ సరిగా సాగకపోతే ఆర్డర్లు ఆగుతాయి, కాంట్రాక్టు వాళ్ల తర్వాత వేటు పర్మనెంటు వాళ్ల మీదే. రెండోది పొలం. వానాకాలం విత్తనం పెట్టే ముందు మోటారు కాలిపోతే రీవైండింగ్‌కు, బోరు ఎండిపోతే కొత్తది వేయడానికి నాన్నగారు చూసేది మీ వైపే. కాబట్టి మీకు ఆరు నెలల ఖర్చు 2.07 లక్షలు, పొలానికి విడిగా 50 వేలు, మొత్తం 2.6 లక్షల నిధి కావాలి. నెల జీతం ఆలస్యమైనా తట్టుకునే ప్రభుత్వోద్యోగికి నేను మూడు నెలలే చెబుతాను, మీకు ఆరుకు తగ్గకూడదు.

ఎక్కడ పెట్టాలి? ఒక నెల ఖర్చు పొదుపు ఖాతాలో, జీతం పడే ఖాతా కాకుండా వేరే బ్యాంకులో. యూపీఐకి ఆ ఖాతా లింకు చేయకండి, చేస్తే దసరాకు అది ఖాళీ. మిగతాది రెండు మూడు ముక్కలుగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు. అవసరమైన ముక్కే విరగ్గొట్టుకోవచ్చు. లిక్విడ్ ఫండ్ కూడా సరే, ఇన్‌స్టంట్ సదుపాయం ఉన్న పథకంలో రోజుకు 50 వేలు లేదా విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది వెంటనే వస్తుంది. చిట్టీని నిధిగా లెక్కేయకండి. మీకు అవసరమైన నెలలోనే పాట మీకు దక్కాలని లేదు, దక్కినా ఎంత తగ్గించి పాడాల్సి వస్తుందో తెలియదు.

బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, అంటే లేదనే అనుకుంటున్నాను. కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. అందులో అమ్మానాన్నలు ఉన్నారో లేదో హెచ్ఆర్‌ను ఈ వారమే అడగండి. వాళ్లకు తెల్లకార్డు ఉంటే ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, మంచిదే. అయితే అది నెట్‌వర్క్ ఆస్పత్రిలో, జాబితాలో ఉన్న చికిత్సలకే పనికొస్తుంది. డెంగీతో ప్రైవేటులో నాలుగు రోజులు పడుకుంటే బిల్లు మీదే అని ముందే సిద్ధపడండి. మీకు, భార్యకు, పాపకు సొంతంగా 10 లక్షల ఫ్లోటర్ (ముగ్గురికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ) తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టే వీలు కంపెనీలకు ఉంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ, ప్రపోజల్‌లో పొగాకు, మద్యం అలవాట్లు ఉన్నది ఉన్నట్టు రాయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. హైవే మీద బండి నడిపే మనిషి మీరు. 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా బ్యాంకులో పెట్టించుకోండి, ప్రమాదంలో పోతే ఇంటికొచ్చే ఆ 2 లక్షలు కొసరు.

ఇప్పుడున్న షేర్లను ఏం చేయాలంటే, అమ్మేయండి. ముందు ఆ ఈటీఎఫ్, తర్వాత మిగతావి. నష్టానికి అమ్మాలా అంటారని తెలుసు. నగల అప్పు తీర్చడమంటే 9.5 శాతం, పన్ను లేకుండా, ఖాయంగా వచ్చే రాబడి. అంత ఖాయంగా ఇచ్చే షేరు ఏ దేశంలోనూ లేదు. 2.85 లక్షల్లో విత్‌డ్రా చార్జీలు, మారకం తేడాలకు 5 వేలు పోయినా, ఆరు నెలల వడ్డీతో కలిపి 2,09,500 కట్టేస్తే దాదాపు 70 వేలు మిగులుతాయి. అదే మీ నిధికి పునాది. ఒకేసారి తెప్పించుకోండి, ముక్కలుగా తెస్తే ప్రతిసారీ చార్జీ పడుతుంది. నగలు విడిపించేటప్పుడు కుదువ రోజు ఇచ్చిన చీటీలోని తూకంతో సరిచూసుకునే సంతకం పెట్టండి. తర్వాత నెలకు 13 వేలు నిధికి, 4,500 బీమా ప్రీమియంలకు పక్కన పెడితే పదిహేను నెలల్లో నిధి నిండుతుంది. ఓవర్‌టైం, బోనస్ వస్తే ఇంకా ముందే.

చిన్న మొత్తాలు పంపడంలో ఇంకో చిల్లు ఉంది, దాన్నీ గమనించే ఉండరు. 20 వేలు పంపితే బ్యాంకు వెయ్యి రూపాయల చార్జీ వేసిందనుకుంటే జీఎస్టీతో 1,180. మారకం రేటులో ఒక శాతం తేడా 200. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ కనీసం 45. మొత్తం 1,425, అంటే షేరు కొనకముందే 7 శాతం పోయింది. యాప్‌లో కమీషన్ సున్నా అని ఉంటుంది, ఈ ఖర్చు అక్కడ కనిపించదు, మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, తీసి చూడండి.

మీరడిగిన టీసీఎస్ సమస్యే కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో మీరు ఏ బ్యాంకు నుంచైనా, ఏ పనికైనా ఎల్ఆర్ఎస్ కింద పంపింది కలిపి 10 లక్షలు దాటితేనే, దాటిన దానిపై 20 శాతం పడుతుంది. అదీ రిటర్నులో సర్దుబాటు అయ్యేదే. మీలాంటి వాళ్లకు నిజంగా పోయేది డివిడెండ్‌లో. డబ్ల్యూ-8బెన్ (అమెరికా వాసిని కానని ఇచ్చే ఫారం) ఇచ్చినా అమెరికా 25 శాతం కోసుకునే ఇస్తుంది. ఆ పన్నును ఇక్కడి పన్నులో తగ్గించుకోవచ్చంటారు, నిజమే, కానీ ఇక్కడ కట్టాల్సిన పన్నుంటేనే. కొత్త పన్ను విధానంలో రిబేటుతో మీ పన్ను సున్నా కాబట్టి ఆ 25 శాతం పోయినట్టే. లాభం విషయంలో 24 నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం, దానికి రిబేటు వర్తించదు. అంతకుముందు అమ్మితే శ్లాబు ప్రకారం.

నిధి నిండి, పాలసీలు రెండూ నడుస్తుంటే అప్పుడు విదేశీ షేర్ల మాట. నెలకు మూడు నాలుగు వేలకు మన మ్యూచువల్ ఫండ్ల ఇంటర్నేషనల్ పథకాలే సుఖం. ఫండ్లు విదేశాల్లో పెట్టే సొమ్ముపై ఉన్న సెబీ పరిమితి వల్ల అవి అప్పుడప్పుడు కొత్త సొమ్ము తీసుకోవడం ఆపేస్తుంటాయి. నేరుగా కొనాలంటే ఏడాదికి ఒకసారి పెద్ద మొత్తం పంపి, మామూలు సూచీ ఈటీఎఫ్ ఒక్కటి చాలు. గుజరాత్‌లోని ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీ దారి కూడా ఉంది, మీ మొత్తానికి అవసరం లేదు. ఖాతాలో ఊరికే పడి ఉన్న డాలర్లను 180 రోజుల్లో పెట్టుబడి పెట్టాలి, లేదా వెనక్కి తేవాలని మాత్రం గుర్తుంచుకోండి.

ఒక పని మాత్రం షేర్లన్నీ అమ్మినా తప్పదు. ఈ ఖాతా తెరిచిన నాటి నుంచి మీకు ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. అందులో షెడ్యూల్ ఎఫ్ఏ అనే విదేశీ ఆస్తుల పట్టికలో ఖాతా వివరాలు, పెట్టుబడి, ఆ ఏడాదిలో గరిష్ఠ విలువ రాయాలి. లెక్క ఏప్రిల్-మార్చికి కాదు, జనవరి-డిసెంబర్‌కు. ఇలాంటి ఆస్తులు 20 లక్షల లోపుంటే, రాయనందుకు వేసే 10 లక్షల జరిమానా 2024 అక్టోబర్ నుంచి లేదు గానీ, రాయాల్సిన బాధ్యత పోలేదు. గడువులోపు వేస్తేనే మీ 35 వేల చిల్లర నష్టం ఎనిమిదేళ్ల దాకా ముందుకు తెచ్చుకుని రేపటి లాభంలో తగ్గించుకోవచ్చు. ఖాతా మూసేసే ముందే ఏడాది స్టేట్‌మెంట్లు, ట్రేడ్ కన్ఫర్మేషన్లు దించి పెట్టుకోండి, మూశాక యాప్‌లో లాగిన్ పనిచేయకపోవచ్చు.