గైడ్ ముట్టుకోకు

పర్లాకిమిడి

చిట్టీ,

ఇంగ్లీషు కథలు అర్థమవుతున్నాయట గానీ జవాబు రాయబోతే చెయ్యి ఆడడం లేదట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గైడ్ కొనమంటావా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకో విను.

మా రోజుల్లో ఆరుగురం ఒకే గైడ్ బట్టీ పట్టాం. అందులో 'వార్' అని ఉండాల్సిన చోట 'వాల్' అని అచ్చయింది. ఆ కథలో కుర్రాడు గోడలో చనిపోయాడని ఆరుగురమూ రాశాం! మాస్టారు ఆరు పేపర్లూ వరసగా పైకి చదివారు. ఇప్పటికీ ఎక్కడైనా గోడ కడుతుంటే తల తిప్పుకుంటాను.

పాఠం మొదటిసారి పెన్ను పట్టకుండా, పైకి చదువు. ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు, తెలుగు వచ్చిన సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. దానికి ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. ముందు చెవి, తర్వాతే కాగితం.

రెండోసారి పెన్సిల్ తీసుకో. 'ఇదేంటి, ఇలా అన్నాడు?' అనిపించిన చోటల్లా గీత పెట్టు. నీ జవాబు ఆ గీతల దగ్గరే దొరుకుతుంది. కొడుకు ఊరెళ్తుంటే "ముసలామె తలుపు నెమ్మదిగా మూసింది" అని ఉందనుకో. ఆమెకి బాధగా ఉంది అని ఊరికే రాస్తే ఎవరు నమ్ముతారు? ఆ 'నెమ్మదిగా'ని కోట్స్‌లో పెట్టు. తలుపు పడేలోగా ఇంకోసారి చూసుకోవాలనుకుందేమో అని రాయి. టీచరు ఒప్పుకోకపోయినా పర్లేదు, నువ్వు ఊహించింది పాఠంలోంచే కదా. సింబాలిజం లాంటి పెద్ద మాటలు నాకైతే విసుగు.

కథలో జరిగింది జవాబులో వర్తమానంలో రాయాలి: 'క్లోజ్డ్' కాదు, 'క్లోజెస్'. మనకి కథంటే 'అనగనగా ఉండేవాడు' కాబట్టి చెయ్యి భూతకాలంలోకి జారుతుంది, చూసుకో.

'ఎ', 'ది'లతో టెన్షన్ అన్నావట. తెలుగులో అవి లేవు, మనవాళ్లందరికీ అదే గండం. కానీ గుణుపురంలో పెరిగినదానివి, నీకు ఒడియా వచ్చు. ఎవరో ఒక పిల్లాడైతే 'గోటే పిలా' అంటావు. మళ్లీ వాడి గురించే చెప్పాలంటే 'పిలాటి' అంటావు. మొదటిది 'ఎ', రెండోది 'ది'. అన్ని చోట్లా కుదరదు గానీ చాలా తప్పులు తగ్గుతాయి.

తెలుగులో, ఒడియాలో క్రియ చివర కూర్చుంటుంది. ఇంగ్లీషులో కర్త వెనకే వచ్చేస్తుంది. అందుకే మన పొడుగు వాక్యాలు అక్కడ తడబడతాయి. రెండుగా విరిచెయ్.

సాయంత్రం వంశధార గట్టున ఏం చూశావో రోజూ ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాసుకో. దసరాకి రైల్లో వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చుకో. ఎర్ర పెన్ను తియ్యనులే, పెన్సిల్‌తోనే దిద్దుతాను. మీ నాన్న ఈపాటికే గైడ్ కొనేసి ఉంటే, ఆయన్నే చదువుకోమను.

మీ పెదనాన్న