హ్యాండిల్ ఊగుతుంటే డ్యాంపర్ కంటే ముందు కోన్‌సెట్ చూడు

తమ్ముడూ, డోన్ దాటినాక 80 స్పీడులో బైకు హ్యాండిల్ ఊగుతోంది, స్టీరింగ్ డ్యాంపర్ వేయించనా అని అడిగినావు. ఆగు. డ్యాంపర్ ఊపును అణుస్తుంది గానీ కారణాన్ని పోగొట్టదు. ముందు కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగుల సెట్టు, చూడు.

డబుల్ స్టాండ్ వేసి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ముందు చక్రం పైకి లేపు. ఫోర్కుల కింది కొసలు పట్టుకొని ముందుకూ వెనక్కూ లాగు. టక్కుమంటే కోన్‌సెట్ వదులైనట్టే. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా నడిమధ్యన గుంతలో పడినట్టు ఆగుతోందా? అట్లయితే రేసులకు, అంటే బేరింగు గుండ్లు తిరిగే రింగులకు, గుంటలు పడినాయి. బిగిస్తే లాభం లేదు, సెట్టు మొత్తం మార్చాల్సిందే. నా బండి గుత్తి దగ్గర ఇట్లే ఊగి భయపెట్టింది, సెట్టు మార్చినాకే కుదురుకుంది.

ఫోర్క్ ఆయిలు రెండు పక్కలా సమానంగా ఉండాల. వెనక షాకబ్జర్ మరీ మెత్తగుంటే బండి వెనక్కి కుంగి ముందు చక్రం తేలికవుతుంది. ఇద్దరెక్కితే ప్రీలోడ్, అంటే ఆ షాకబ్జర్ స్ప్రింగు బిగువు, ఒక మెట్టు పెంచు. టైర్లలో గాలి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చూసుకో.

ఇవన్నీ చేసినా ఊగితే అప్పుడు డ్యాంపర్. అంతవరకూ హైవేలో 60 దాటొద్దు నాయనా.