అభిమానుల డబ్బుతో ఆల్బమ్: ముందు మనుషుల లెక్క, తర్వాతే పిలుపు

ప్రశ్న: మా అమ్మాయి రాజమహేంద్రవరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి పాడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో 14 వేల మంది ఫాలోవర్లున్నారు. ఆరు పాటల ఆల్బమ్ కోసం అభిమానుల నుంచి నాలుగు లక్షలు సేకరిస్తానంటోంది. మమ్మల్ని డబ్బు అడగడం లేదు కదా అని ఒప్పుకోవాలా? చదువు అయ్యేదాకా ఆగమనాలా? అసలు దీన్ని నమ్ముకుని బతకొచ్చా? – ఒక తల్లి

జవాబు: పాట మానమని చెప్పనక్కర్లేదు, చదువు ఆపనివ్వనూ వద్దు. వాయిదా వేయాల్సింది ఆ నాలుగు లక్షల పిలుపు ఒక్కటే. అభిమాని ఇచ్చేది విరాళం కాదు. ఇంకా తయారుకాని ఆల్బమ్‌కి ముందే కట్టిన ధర. ఆల్బమ్ ఆలస్యమైనా, మధ్యలో ఆగినా వందల మందికి మీ అమ్మాయే జవాబు చెప్పుకోవాలి. అందుకని మీరు ఆమెను అడగాల్సిన మొదటి మాట ‘ఎంత కావాలి?’ అని కాదు, ‘ఎంతమంది ఇస్తారు?’ అని.

ఖర్చు నుంచే మొదలుపెడదాం. ఇది నమూనా లెక్క, మీకు దొరికే రేట్లు ఇందులో వేసుకోండి. ఒక్కో పాటకి ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో వాద్యాలు కూర్చడం) 15,000, వేణువో వయొలినో వాయించే ఇద్దరికి 8,000, గాత్రం రికార్డు చేయడానికి స్టూడియో 4,000, మిక్సింగ్ (గొంతునీ వాద్యాలనీ సమపాళ్లలో కలపడం) 8,000, మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు) 3,000 అనుకుంటే మొత్తం 38,000. ఆరు పాటలకి 2,28,000. కవర్ డిజైన్, ఫొటోలు 15,000. పాట పదాలు తెరమీద కనిపించే లిరికల్ వీడియోలు ఆరింటికి 24,000. అభిమానులకిచ్చే కానుకలు, కొరియర్ 30,000. దీనిమీద పది శాతం అదనం తప్పనిసరి, ఎందుకంటే మిక్స్ మూడోసారి మార్చమన్నప్పుడు ఇంజినీరు మళ్లీ డబ్బు అడుగుతాడు. ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే పేమెంట్ గేట్‌వేకి రెండు శాతం, దానిమీద జీఎస్టీ కలిపితే మూడు లక్షల ముప్పై అయిదు వేల దగ్గర తేలుతుంది. ఒక మంచి వీడియో చేర్చితే నాలుగు లక్షలు. అంటే మీ అమ్మాయి చెప్పిన అంకెలో తప్పేమీ లేదు.

ఇప్పుడు మనుషులు. తలకి సగటున 800 వస్తుందనుకున్నా 500 మంది కావాలి. 14 వేల ఫాలోవర్లలో 500 మంది ఎంతలే అనిపిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. లైక్ కొట్టడం వేరు, డబ్బు కట్టడం వేరు. పైగా ఆ ఫాలోవర్లు దేనికోసం వచ్చారో చూడాలి. సినిమా పాటల కవర్లు పాడినందుకు వచ్చినవాళ్లయితే వాళ్లకి తెలిసింది ఆ పాట, మీ అమ్మాయి రాసిన పాట కాదు. అమాండా పామర్ అనే అమెరికన్ గాయని 2012లో కిక్‌స్టార్టర్ అనే, జనం నుంచి డబ్బు సేకరించే వెబ్‌సైట్‌లో దాదాపు 25 వేల మంది నుంచి 12 లక్షల డాలర్లకు దగ్గరగా సేకరించింది. దాన్ని చూసి ఎంతోమంది అదే దారి పట్టారు. ఆమె దగ్గర అంతకుముందే ఏళ్ల తరబడి కచేరీలు చేస్తూ కూడబెట్టుకున్న ఈమెయిల్ జాబితా ఉందన్నది మాత్రం చాలామంది గమనించలేదు.

కాబట్టి ఆల్బమ్ కంటే ముందు సింగిల్స్, అంటే ఒక్కో పాటగా విడుదలలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకటి చొప్పున మూడు విడుదల చేయమనండి. దీనికి సాంకేతిక కారణం కూడా ఉంది. పాటలు వినే యాప్ స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకి విడుదలకు ముందు పాటను పంపే వీలు కళాకారులకి ఉంటుంది, కానీ ఒకసారికి ఒక్క పాటే. ఆరూ ఒకే రోజు విడుదల చేస్తే ఒక్క అవకాశం. విడివిడిగా చేస్తే ప్రతి పాటకీ ఒకటి. విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు పంపితే ఫాలోవర్ల ‘రిలీజ్ రాడార్’ అనే కొత్త పాటల జాబితాలో ఆ పాట వస్తుంది. డిస్ట్రిబ్యూటర్ (పాటను ఇలాంటి యాప్‌లకి చేర్చే కంపెనీ) దగ్గర తనిఖీకి పట్టే సమయం కూడా ఉంటుంది కనుక నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయాలి.

అప్‌లోడ్‌లో జరిగే తప్పులు చిన్నవే గానీ నష్టం పెద్దది. పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక పాటకి ఒకలా, ఇంకో పాటకి ఇంకోలా ఇస్తే ఇద్దరు వేర్వేరు గాయకులుగా రెండు పేజీలు తయారవుతాయి. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ ఉంటుంది. సింగిల్‌గా వచ్చిన పాటను తర్వాత ఆల్బమ్‌లో చేర్చేటప్పుడు అదే కోడ్ ఇవ్వాలి. కొత్తది ఇస్తే పాత స్ట్రీమ్‌ల (పాటను ఎన్నిసార్లు విన్నారనే) లెక్క ఆల్బమ్‌లోని పాటకి రాదు. ఫైలు 24 బిట్ వేవ్, కవర్ బొమ్మ 3000 x 3000 పిక్సెళ్లు ఉంటే చాలాచోట్ల సరిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు ఫీజు పద్ధతి చూడాలి. డిస్ట్రోకిడ్‌లో ఏటా చందా కట్టాలి, ఆపితే పాటలు యాప్‌ల నుంచి దిగిపోతాయి. దిగకుండా ఉంచుకోవాలంటే ఒక్కో విడుదలకీ వేరే రుసుము ఉంది. సీడీ బేబీలో విడుదలకి ఒక్కసారే కడతారు, రాబడిలో తొమ్మిది శాతం వాళ్లు తీసుకుంటారు. మూడు నాలుగు పాటలతో మొదలుపెట్టే విద్యార్థికి రెండోదే నయమని మా అభిప్రాయం.

స్ట్రీమింగ్ రాబడిని బడ్జెట్‌లో సున్నాగా రాయండి. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గత 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీయే లెక్కలోకి రాదు. ఇది తెలిసి ‘ప్లేలిస్టులో పెట్టి లక్ష స్ట్రీమ్‌లు తెప్పిస్తాం’ అంటూ మెసేజ్‌లు పెట్టేవాళ్లుంటారు. వాళ్లకి రూపాయి కూడా ఇవ్వొద్దు. దొంగ స్ట్రీమ్‌లు బయటపడితే పాట తీసేస్తారు, డిస్ట్రిబ్యూటర్ ఖాతా కూడా మూసేయొచ్చు.

ఈ మూడు సింగిల్స్ అసలు పని డబ్బు తేవడం కాదు, జాబితా తేవడం. ప్రతి విడుదలతో ఒక గూగుల్ ఫామ్ పెట్టి పేరు, ఈమెయిల్, ఫోన్ నంబరు తీసుకోవాలి. మధ్యలో 99 రూపాయలకి డెమో రికార్డింగో, 150 టికెట్‌తో కెఫేలో చిన్న కచేరీయో పెట్టి చూడాలి. జాబితాలో వెయ్యి పేర్లు, వాళ్లలో కనీసం వంద మంది ఒకసారైనా డబ్బు కట్టినవాళ్లు ఉంటే అప్పుడు పిలుపు ఇవ్వొచ్చు. అప్పుడైనా ఆరు కాదు, నాలుగు పాటల ఈపీతో (చిన్న ఆల్బమ్‌తో) మొదలుపెట్టమనండి. పై లెక్కే కానుకలు 20,000కి తగ్గించి వేస్తే రెండు లక్షల ముప్పై వేలు, అంటే దాదాపు 290 మంది.

కిక్‌స్టార్టర్‌లో భారత్‌లో ఉండేవాళ్లు ప్రచారం పెట్టలేరు. అమెరికాలో ఉన్న బంధువు పేరు మీద పెడదామనే ఆలోచన వస్తే వద్దనండి, పన్ను ఆయన నెత్తిన పడుతుంది. సేకరించే వేదిక డబ్బును తన దగ్గర ఎన్నాళ్లు ఉంచుకుంటుందో కూడా చూడాలి. సంగీతం కోసమే పుట్టిన బ్రిటన్ వేదిక ప్లెడ్జ్‌మ్యూజిక్ 2019లో మూతపడినప్పుడు అభిమానులు కట్టిన డబ్బు చాలామంది కళాకారులకి అందనే లేదు. అందుకే పేమెంట్ లింకు ద్వారా నేరుగా ఆల్బమ్ కోసమే తెరిచిన బ్యాంకు ఖాతాలోకి రావడం మేలు. 30 రోజుల గడువు పెట్టి, లక్ష్యం చేరకపోతే తిరిగి ఇచ్చేస్తామని ముందే రాయాలి. ఆ గడువు పూర్తయ్యేదాకా ఖాతాలో రూపాయి కదపకూడదు.

కానుకల దగ్గర పిల్లలు ఉత్సాహంగా మాట ఇచ్చేస్తారు. టీషర్ట్ 999 అంటే అందులో ప్రింటింగు, కొరియర్ పోగా ఆల్బమ్‌కి మిగిలేది సుమారు సగమే, పైగా సైజుల గొడవ. ‘మీకోసం ఒక పాట రాసిస్తా’ అని పదిమందికి అమ్మితే అది ఇంకో ఆల్బమంత పని. చేతిరాతతో పాటల పుస్తకం, విడుదలకి ముందే డౌన్‌లోడ్, ఆన్‌లైన్‌లో చిన్న కచేరీ, దగ్గర ఊళ్లలో ఇంటి కచేరీ లాంటివి పెట్టుకోవాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకి డిజిటల్ కానుకలే.

ప్రవాసుల విషయంలో ఇంకో జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం దృష్టిలో విదేశీయులే, వాళ్లు విరాళంగా ఇస్తే అది విదేశీ విరాళమే. అందుకని ‘డొనేషన్’ అనే మాట ఎక్కడా వాడకుండా, ఆల్బమ్ ముందస్తు అమ్మకంగా పెట్టి, ప్రతి ఒక్కరికీ రసీదు ఇవ్వాలి. వచ్చింది ఆదాయమే, ఖర్చుల బిల్లులు దాచుకుంటే మిగిలినదానికే పన్ను. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ మామూలుగా అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు ఒక్కసారి ఆడిటర్‌కి చూపించండి.

ఇక కాగితాలు. ప్రోగ్రామర్‌కి డబ్బిచ్చే రోజే ‘మాస్టర్ రికార్డింగ్ హక్కు నాదే’ అని ఒక పేజీ రాయించుకోవాలి. స్నేహితురాలు చరణం రాస్తే ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసుకోవాలి. ఇంటర్నెట్‌లో చవగ్గా దొరికే బీట్ మీద పాడితే అదే బీట్ ఇంకో వందమంది కొనుక్కుని ఉంటారు, యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఆ సంగీతం మాదేనని వేరేవాళ్ల పేరిట వచ్చే అభ్యంతరం) పడొచ్చు. పాట కాస్త వినబడగానే ఏదో ఛానల్ వచ్చి కొంత సొమ్ము ఇచ్చి మొత్తం హక్కులు రాసిమ్మంటుంది. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారత్ వరకే అని అర్థం. కాగితంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని కనిపిస్తే సంతకం ఆపి, మూడేళ్ల లైసెన్సు మాత్రమే ఇస్తామని అడగండి. 2012 సవరణ తర్వాత గీత రచయిత, స్వరకర్త రాయల్టీలో తమ సమాన వాటాను కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. అది వసూలు చేసి ఇచ్చే సంస్థ ఐపీఆర్‌ఎస్. మొదటి పాట విడుదలవగానే సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ నమోదు చేయాలి.

బతుకుతెరువు సంగతి. తొలి ఏళ్లలో సొంత పాటలు ఒక్కటే ఇల్లు గడపవు. ట్రాక్ పాడటం (అసలు గాయకులకి నమూనాగా ముందు పాడిపెట్టడం), కోరస్, ప్రకటనల జింగిల్స్, పిల్లలకి పాఠాలు, కాలేజీ ఫెస్టులు, కార్పొరేట్ కార్యక్రమాలు తోడు కావాలి. అందుకు గొంతుతో పాటు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రావాలి. ఈ రెండేళ్లలో రీపర్ లాంటి చవక సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, రెండు ఛానళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం), ఒక కండెన్సర్ మైక్ కొనుక్కుంటే గాత్రం ఇంట్లోనే రికార్డు చేయొచ్చు, పై లెక్కలో స్టూడియో ఖర్చు కూడా తగ్గుతుంది. మీరు ఆమెకి డబ్బు సాయం చేయదలిస్తే ఆల్బమ్‌కి కాకుండా దీనికి చేయండి. ముందు ముందు అమెరికా తెలుగు సభలకి పిలుపు వస్తే, పారితోషికం తీసుకుని పాడటానికి సందర్శక వీసా చెల్లదు, నిర్వాహకులు పీ-3 లాంటి కళాకారుల వీసాకి దరఖాస్తు చేయాలి.

మొదటి సింగిల్ ఈ సెమిస్టర్ పరీక్షలు అయ్యాక, మూడోది వచ్చే సెమిస్టర్ పరీక్షలకి నెల ముందు వచ్చేలా తేదీలు వేసుకోమనండి. సంక్రాంతి, దసరా వారాలు వదిలేయాలి, అప్పుడు అందరి చెవులూ పెద్ద సినిమాల పాటల మీదే ఉంటాయి. ఏడాది చివర జాబితాలో వెయ్యి పేర్లు లేకపోతే పిలుపు ఇంకో ఆరు నెలలు ఆగొచ్చు. సింగిల్స్ మాత్రం ఆగకూడదు.