యెహోవా యీరే, యెహోవా నిస్సీ: ఇవి దేవునికి వేర్వేరు పేర్లా?

కాదు. దేవుని పేరు యెహోవా ఒక్కటే. యీరే, నిస్సీ లాంటివి ఆయన ఫలానా చోట ఏం చేశాడో గుర్తుగా దానికి జత చేసిన మాటలు.

చెన్నైలో తెలుగు ఆరాధనకు వెళ్లినా, తమిళ ఆరాధనకు వెళ్లినా ఈ హెబ్రీ మాటలు పాటల్లో అలాగే వినిపిస్తాయి. అందుకే ఒక్కో అవసరానికి ఒక్కో పేరు ఉందేమోనన్న అనుమానం చాలామందికి వస్తుంది.

యెహోవా యీరేనే తీసుకుందాం. బైబిల్లోని ఆదికాండము 22వ అధ్యాయంలో ఇస్సాకు "దహనబలికి గొర్రెపిల్ల ఏది?" అని అడిగితే, దేవుడే చూసుకుంటాడని తండ్రి అబ్రాహాము జవాబిస్తాడు. తర్వాత పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు దొరుకుతుంది. అబ్రాహాము ఆ పేరు పెట్టింది ఆ చోటికి. యీరే అంటే అక్షరాలా 'చూస్తాడు'. అవసరాన్ని ముందే చూసి సమకూరుస్తాడన్న భావం అందులోంచే వచ్చింది. తెలుగులో 'ఆయనే చూసుకుంటాడు' అంటే రెండు అర్థాలూ పలుకుతాయి. నిస్సీ అంటే 'నా ధ్వజం': అమాలేకీయులపై గెలిచాక మోషే కట్టిన బలిపీఠం పేరది. పాటల్లో వినిపించే మరో మాట రాఫా ('స్వస్థపరచేవాడు') మాత్రం చోటు పేరో, బలిపీఠం పేరో కాదు. "నిన్ను స్వస్థపరచే యెహోవాను నేనే" అని నిర్గమకాండము 15:26లో దేవుడు తన గురించి తానే చెప్పుకున్న మాట.

జబ్బు చేస్తే రాఫా అని, డబ్బు టెన్షన్ ఉంటే యీరే అని పిలిస్తేనే ప్రార్థన ఫలిస్తుందన్నది అపోహ. బైబిల్లో అలాంటి నియమమేదీ లేదు.