దెయ్యం కథ రాస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నీ కథ చదివాను. మొదటి పేజీలోనే మూడు చోట్ల నెత్తురు కారింది. ఎనిమిదేళ్ల పిల్లలకి నెత్తురంటే భయం కాదే, రోత. రోజూ చూసే వస్తువు కాస్త తేడా చేస్తే చాలు, వాళ్లు దుప్పటి ముసుగేస్తారు. నూతి దగ్గర నిలబెట్టిన ఆ తెల్లచీర దెయ్యాన్ని తీసెయ్. అర్ధరాత్రి చేద లేకుండా గిలక ఒక్కటే కిర్రుమని తిరిగిందని రాయి. తెల్లారేసరికి నూతిగట్టు నుంచి వంటింటి గడప దాకా తడి అడుగులు, మడమలు ముందుకి. కోరలూ జుట్టూ వాళ్లే ఊహించుకుంటారు.

అసలు సంగతి వేరే ఉంది. నీ దెయ్యం ఏది తోస్తే అది చేస్తోంది. దానికో కట్టుబాటు ఉండాలి. విక్రమార్కుడు నోరు విప్పితే భేతాళుడు శవంతో సహా మళ్లీ చెట్టెక్కుతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రెండు షరతులూ ముందే తెలుసు కాబట్టే పిల్లలు ఊపిరి బిగబట్టి వింటారు. 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలో ఉన్న ఆ ఇరకాటం మన చందమామలోనూ పనిచేసింది. మాయల ఫకీరు ఎంతటివాడైనా ప్రాణం చిలకలోనే కదా. అంతెందుకు, తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవాళ్లు. పాపం ఆ దెయ్యం రోజూ వచ్చి, చదువుకుని, వెళ్లిపోయేది. చదువురాని దెయ్యమొస్తే ఏమిటి గతి? కావాలంటే ఆ కథ నువ్వే రాసుకో.

నీ కథలోని సవతితల్లిని మాత్రం మార్చు. జర్మన్ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల 1812 కూర్పులో హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్లను అడవిలో వదిలేద్దామన్నది కన్నతల్లే. ఇంట్లో తిండి లేదు మరి. 1840 కూర్పుకొచ్చేసరికి ఆవిడ సవతితల్లి అయింది. నన్నడిగితే మొదటిదే అసలైన భయం: అడవిలో ఎదురయ్యే మంత్రగత్తె కన్నా ముందు ఆకలి. పైగా నీ కథ వినే పిల్లల్లో సవతితల్లి కలిపి పెట్టిన ముద్ద తిని బడికొచ్చేవాళ్లూ ఉంటారు.

చివర్లో 'ఇదంతా కల' అన్నావు చూడు, ఆ పేరా కొట్టెయ్. అంతసేపు భయపడ్డ పిల్లల్ని మోసం చేసినట్టవుతుంది. దెయ్యానికి కావలసిందేదో నీ కథలోని పిల్లే కనిపెట్టి ఇవ్వాలి.

తిరగరాశాక పక్కింటి పిల్లల్ని కూర్చోబెట్టి చదువు. 'ఊ' కొట్టడం ఎక్కడ ఆగిందో చూడు. నిద్రపోయి ఆగితే ఆ చోటు కత్తిరించు, కళ్లు పెద్దవి చేసుకుని ఆగితే అక్షరం కూడా ముట్టుకోకు. అప్పుడు నాకు పంపు.

మీ అత్తయ్య