తీసేసిన అన్నం చోటు ఖాళీగా ఉంచకు

చిరంజీవి నాయనకు,

మీ అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన రిపోర్టులు, మందుల చీటీ, ఫొటో అన్నీ చూశాను. రిపోర్టులు చూసి సంతోషించాను, ఫొటో చూసి మాత్రం కాదు. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9.8 నుంచి 6.4కి దిగడం చిన్న సంగతేమీ కాదు. కానీ 61 కిలోలు ఉండేవాడివి 52కి వచ్చావు. 170 సెంటీమీటర్ల ఎత్తుకు 53 కిలోలు దాటితే గానీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 18.5కి చేరదు. అంటే నువ్వు ఉండాల్సినదానికంటే తక్కువలోనే ఉన్నావు. మన దేశం వాళ్ళకు 23 దాటకూడదంటారు కాబట్టి నీకు 66 దాకా చోటుంది. అంత అక్కర్లేదు, 58, 60 దగ్గర నిలబడితే చాలు.

"షుగర్ వచ్చినవాళ్ళు చిక్కిపోవడం మామూలే" అని మీ పక్కింటాయన అన్నారని రాశావు. అది సగమే నిజం. షుగర్ అదుపులో లేనప్పుడు, రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటాక, మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. తిన్నది ఒంటికి పట్టక, శరీరం తన కొవ్వును, కండను తానే కరిగించుకుంటుంది. ఆ దశలో మనిషి చిక్కిపోతాడు. నీది ఇప్పుడు ఆ దశ కాదు. షుగర్ అదుపులోకి వచ్చాక కూడా తగ్గుతున్నావంటే కారణం వేరే ఉంది.

ఆ కారణం నువ్వు రాసిన తిండి పట్టికలోనే కనిపిస్తోంది. పొద్దున గ్లాసుడు పల్చటి రాగి జావ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, నూనె కనబడని దొండకాయ కూర. సాయంత్రం గ్రీన్ టీ. రాత్రి కీరా ముక్కలు, కాసిని ఓట్స్. దాని మీద గంటన్నర నడక! ఎంత ఉదారంగా లెక్కవేసినా వెయ్యి, పదకొండు వందల క్యాలరీలు దాటడం లేదు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమే అయినా నీ బరువుకు రోజుకు 1700 దాకా కావాలి. అన్నం తీసేశావు, బాగానే ఉంది. ఆ చోటులో ఏం పెట్టావు? ఏమీ పెట్టలేదు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఆ ఖాళీని షుగర్ పెంచని తిండితో నింపాలి. ఎలాగో కింద రాస్తాను.

అయితే వంటింటి సంగతికి ముందు డాక్టరును కలువు. కారణం తిండి తక్కువ కావడమే అని నేను అనుకుంటున్నాను గానీ, ఇంత దూరం నుంచి అనుకోవడం వేరు, పరీక్ష చేయించడం వేరు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా మనిషి కరిగిపోతాడు. రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. షుగర్ ఉన్నవాళ్ళకు క్షయ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మలం జిడ్డుగా నీళ్ళ మీద తేలుతున్నా, పొట్ట నొప్పి వెన్నులోకి పాకుతున్నా క్లోమాన్ని చూడమని అడుగు. సన్నగా ఉన్నవాళ్ళలో కొందరికి టైప్ 2 అనుకున్నది నిజానికి పెద్ద వయసులో నెమ్మదిగా బయటపడే టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని రకం, అవుతుంది. సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షలతో అది తేలుతుంది. మాత్రలు వేసుకుంటున్నా షుగర్ మళ్ళీ పైకి పోతూ, బరువు కిందికి దిగుతూ ఉంటే ఈ మాట తప్పక గుర్తు చెయ్యి.

నీ మందుల చీటీ కూడా డాక్టరుకు చూపించు. 'గ్లిఫ్లోజిన్' అనే తోకతో ముగిసే మాత్రలు చక్కెరను కావాలనే మూత్రంలోకి పంపిస్తాయి. గుండెకు, మూత్రపిండాలకు అవి మంచివే, బరువు మాత్రం తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ కొందరికి ఆకలి చంపేస్తుంది, విరేచనాలు పెడుతుంది. అలాంటప్పుడు నెమ్మదిగా కరిగే రకానికి మార్చడం మామూలే. నీ అంతట నువ్వు ఏదీ మానెయ్యకు. ఒకవేళ డాక్టరు ఇన్సులిన్ మాట ఎత్తితే బెదిరిపోకు. నేను నర్సుగా పనిచేసిన వార్డులో, సూది అంటే ఇక అంతే అనుకుని నెలల తరబడి వాయిదా వేసి, ఎముకల గూళ్ళలా వచ్చినవాళ్ళను చూశాను. సూది మొదలయ్యాక వాళ్ళకే బుగ్గలు వచ్చేవి. ఇన్సులిన్ తిన్నదాన్ని ఒంటికి పట్టిస్తుంది, కండ కరగకుండా ఆపుతుంది. ఇంకొక్క మాట: క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు కూడా చేయించు. నేను ప్రొటీన్ పెంచమని చెప్పబోతున్నాను. మూత్రపిండాలు బాగున్నాయని తెలిసాకే అది.

ఇక తిండి. 1700తో నీ బరువు ఉన్నచోట ఉంటుంది, పెరగాలంటే ఇంకో 300, 400 పైన పడాలి. ఒక్కసారిగా కాదు, వారానికి కొంచెం చొప్పున. నెలకు కిలో పెరిగితే చాలా మంచి లెక్క.

మొదట నూనె భయం వదిలిపెట్టు. కొవ్వు నేరుగా షుగర్ పెంచదు, కొంచెంలోనే బోలెడు శక్తినిస్తుంది. పెద్ద చెంచాడు నూనెలో 120 క్యాలరీల దాకా ఉంటాయి. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, తవుడు నూనె ఏదైనా సరే. నెయ్యి రోజుకో చిన్న చెంచా వేసుకో, తప్పు లేదు. దాన్ని గరిటెలతో పోయమని మాత్రం మీ నాయనమ్మలా నేను చెప్పను. షుగర్ ఉన్నవాళ్ళు గుండెను కూడా చూసుకోవాలి, కొలెస్ట్రాల్ రిపోర్టు ఎలా ఉందో నువ్వు నాకు పంపనే లేదు.

ఆ తరువాత పల్లీలు. వంద గ్రాముల్లో 24 గ్రాముల దాకా ప్రొటీన్, 500కు పైగా క్యాలరీలు. షుగర్ మీద వాటి ప్రభావం చాలా తక్కువ. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 160 క్యాలరీల దాకా వస్తాయి. బాదం, పిస్తా కొనగలిగితే కొను, కొనకపోయినా నష్టం లేదు. మన ఊరి పల్లీలు దేనికీ తీసిపోవు.

మా ఇంట్లో ఒక పొడి ఎప్పుడూ ఉంటుంది, మీ మావయ్య బరువు నిలబడింది చాలావరకు దాని పుణ్యమే. పావుకిలో పల్లీలు సన్నని సెగ మీద, పొట్టు చిటపటమని విడివడేదాకా వేయించాలి. హడావిడిగా పెద్ద మంట పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి. దించేశాక అదే మూకుడులో వంద గ్రాముల నువ్వులు వేసి, చిట్లడం మొదలవగానే తీసెయ్యాలి. ఎనిమిదో పదో ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, కొద్దిగా ఉప్పు. అన్నీ పూర్తిగా చల్లారాకే మిక్సీలో వెయ్యి. వేడి మీద వేస్తే నూనె ఊరి ముద్దవుతుంది. చివర్లో నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి ఒక్క తిప్పు తిప్పితే బరకగా వస్తుంది. గాజు సీసాలో పెట్టి వారం, పది రోజుల్లో వాడేసుకో. ఏ కూరలోనైనా దించేముందు రెండు పెద్ద చెంచాలు చల్లితే వంద క్యాలరీలు నీకు తెలియకుండానే లోపలికి పోతాయి. దొండకాయ, బీరకాయ, సొరకాయ, అన్నింటికీ నప్పుతుంది.

పొద్దున రాగి జావ మానెయ్యి. రాగులు మంచివే, కానీ మెత్తగా పిండి పట్టించి, ఉడికించి, పల్చగా తాగితే షుగర్ త్వరగా ఎక్కుతుంది, ఆకలి కూడా త్వరగా వేస్తుంది. దాని బదులు పెసరట్టు. పొట్టు పెసలు 60, 70 గ్రాములు నానబెడితే రెండు అట్లు వస్తాయి, 15 గ్రాముల దాకా ప్రొటీన్. కరకరలాడాలని బియ్యం గుప్పెడు వేసే అలవాటుంటే చెంచాడుకు తగ్గించు. ఉప్మా పెట్టుకోవద్దు. ఒక అట్టు మీద గుడ్డు కొట్టి వేసుకో. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందన్న సంగతి మనవాళ్ళు మరిచిపోతారు, నువ్వు పల్లీ చట్నీతో తిను.

మధ్యాహ్నం అన్నం మళ్ళీ మొదలుపెట్టు. అవును, నేనే చెబుతున్నాను. వండిన అన్నం ఒక కప్పు, తూచి 150 గ్రాములు. తినే వరుస మాత్రం మార్చు. మొదట కూర గిన్నెలో పెట్టుకుని చెంచాతో తిను, తరువాత చేప ముక్కలో, కోడి కూరో, గట్టి పప్పో. ఆఖర్న అన్నం, దానితో పెరుగు. ముందు కూర, ప్రొటీన్ తిని చివర్లో అన్నం తింటే తిన్న తరువాత షుగర్ అంతగా ఎగబాకదు. ముద్దపప్పు, అన్నం, నెయ్యితో మొదలుపెట్టకపోతే భోజనమే కాదని మీ నాన్న నసుగుతాడు, వినిపించుకోకు. చద్దన్నానికి షుగర్ పెరగదనే మాట కూడా నమ్మకు. చల్లారిన అన్నం కొంచెం మెరుగే గానీ అదీ అన్నమే. కొర్రలు, సామలు కూడా అంతే, కొలత లేకుండా తింటే అవీ షుగర్ పెంచుతాయి.

సాయంత్రం నాలుగు, అయిదు మధ్య నువ్వు ఉత్త గ్రీన్ టీ తాగే వేళకు గుగ్గిళ్ళు పెట్టుకో. శనగలో, ఉలవలో ఉడికించి, ఉల్లిపాయ, కొబ్బరి కోరు, చెంచా నూనెతో పోపు. పూర్వం ఉలవచారు మనం తాగి, ఉడికిన ఉలవలు ఎద్దులకు పెట్టేవాళ్ళం. ప్రొటీనంతా వాటికే పోయేది, అందుకే అవి అంత పుష్టిగా ఉండేవేమో!

రాత్రి కీరా ముక్కలతో సరిపెట్టుకోవద్దు. రెండు పుల్కాలకు తోడు రెండు గుడ్ల పొరటో, వంద గ్రాముల పనీరో, మీల్ మేకర్ కూరో తప్పనిసరి. పడుకునే ముందు చక్కెర లేని గేదె పాలు ఒక గ్లాసు, అందులో 200 క్యాలరీలు ఉంటాయి. ఇవన్నీ కలిపితే రోజుకు 65, 70 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. నీకు అంత కావాలి.

ఒళ్ళు రావడానికి అందరూ చెప్పే మందులు నీకు పనికిరావు. అరటిపండు, ఖర్జూరం కలిపిన పాలు, సున్నుండలు, డబ్బాల్లో వచ్చే బరువు పెంచే పొడులు. ఆ పొడుల్లో చాలావాటికి మాల్టోడెక్స్‌ట్రిన్ ఆధారం. పేరు ఏదైనా అది నేరుగా గ్లూకోజ్ అవుతుంది. చక్కెర బదులు బెల్లం, తేనె అనేవాళ్ళతో వాదించకు, నవ్వి ఊరుకో. జామకాయ రోజుకొకటి తిను. మామిడిపండు సీజనులో రెండు ముక్కలు, అదీ భోజనం తరువాత కాదు, సాయంత్రం గుగ్గిళ్ళతో.

కొత్తది ఏది మొదలుపెట్టినా గ్లూకోమీటరును అడుగు. తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు ఇంకోసారి. 180 లోపు ఉంటే ఆ భోజనం నీకు సరిపడినట్టే. దాటితే కూర, గుడ్డు తగ్గించకు, అన్నం రెండు ముద్దలు తగ్గించి మళ్ళీ చూడు. బరువు వారానికోసారి, ఒకే వేళకు చూసుకో. దానితోపాటు నడుము చుట్టుకొలత కూడా రాసిపెట్టు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు హద్దు. చేతులు, తొడలు అలాగే ఉండి పొట్ట ఒక్కటే ముందుకొస్తుంటే మనకు కావలసిన బరువు అది కాదు, షుగర్‌ను మళ్ళీ పెంచే బరువు అది.

తిన్నది కండ కావాలంటే కండకు పని పడాలి. గంటన్నర నడక ఆపి, ప్రతి భోజనం తరువాత పది నిమిషాలు నడువు, అదే అరగంట అవుతుంది. వారానికి మూడు రోజులు గుంజీలు, దండాలు, డంబెల్స్. దండాలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి మొదలుపెట్టు. పెద్ద బరువులు ఎత్తే ముందు కంటి రెటీనా పరీక్ష చేయించుకో. లోపల రక్తనాళాలు బలహీనంగా ఉంటే ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తడం మంచిది కాదు.

శనివారం ఉపవాసం కొన్నాళ్ళు పక్కన పెట్టు. వేంకటేశ్వరుడికి నేను చెప్పుకుంటాను. నువ్వు వేసుకునేవాటిలో గ్లిమెపిరైడ్ ఉందని చీటీలో చూశాను, ఆ మాత్ర వేసుకుని భోజనం ఎగ్గొడితే షుగర్ పడిపోతుంది. వ్యాయామం మొదలుపెట్టాక ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ, మోతాదు మార్చాలేమో డాక్టరును అడుగు. చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి మీటరులో 70 కంటే తక్కువ కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసుకో. అప్పుడు మాత్రం పల్లీలు, చాక్లెట్ తినకు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. కోడలికి కూడా ఈ పేరా చదివి వినిపించు.

థైరాయిడ్, క్రియాటినిన్, కొలెస్ట్రాల్ రిపోర్టులు రాగానే ఫోనులో పంపించు.

మీ అత్తయ్య