చాడీ, ఫిర్యాదు, వెల్లడి: ఏ మాట ఎక్కడ?

సందేహం: ఉద్యోగులు తమ కంటబడిన అక్రమాలను పైవారికి తెలియజేయడానికి మా సంస్థలో ఒక నియమావళి ఉంది. దాన్ని తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. ‘విజిల్ బ్లోయర్’ అనే మాటకు పత్రికలు ‘ప్రజావేగు’ అని రాస్తున్నాయి. అదే వాడబోతే, వేగు అంటే గూఢచారి కదా, మమ్మల్ని గూఢచారులను చేస్తారా అని ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు. ఇంకొకరు, ఏ పేరు పెట్టినా చాడీలు చాడీలే, ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అనలేదన్నారు. అసలు చాడీకీ ఫిర్యాదుకూ తేడా ఏమిటి? నియమావళిలో ఏ మాట వాడాలి?

సమాధానం: మీరు అడిగిన వరుసే సరైనది. చాడీ అంటే ఏమిటో తేలితే గాని నియమావళికి తగిన మాట దొరకదు.

చాడీ అన్నా, పాత మాటలో కొండెం అన్నా, ఒకరు లేనిచోట వారి తప్పును అధికారం ఉన్నవారి చెవిన వేయడమే. చెప్పేవాడి మెప్పో, ఎదుటివాడి చేటో దానికి గురిగా ఉంటుంది. అయితే చెప్పిన సంగతి నిజమా, అబద్ధమా అన్నది ఈ మాట అర్థంలో భాగం కాదు. లేనిది కల్పించి చెబితే దానికి అభాండం, నీలాపనింద అనే వేరే మాటలు మనకు ఉన్నాయి. అక్షరాలా నిజమైన సంగతిని కూడా చాడీగా చెప్పవచ్చు. అందుకే ‘ఆయన చాడీలు చెప్పాడు’ అన్న వాక్యం విన్నప్పుడు చెప్పినవాడి గుణం గురించి ఒక అభిప్రాయం ఏర్పడుతుంది గాని, జరిగిన తప్పు ఏమిటో, అసలు జరిగిందో లేదో తెలియదు. ఈ మాట చూపును తప్పు మీది నుంచి మళ్లించి, తప్పును చెప్పినవాడి మీదికి తిప్పుతుంది. మీ సహోద్యోగి ఉద్దేశం అది కాకపోవచ్చు, కాని ఆ మాట చేసే పని మాత్రం అదే.

ఫిర్యాదు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. అన్యాయానికి గురైనవాడు న్యాయం కోరుతూ పెట్టే మొర దాని మూలార్థం. కాబట్టి ఇది జరిగిన నష్టం వైపు చూసే మాట, గౌరవమైన మాట. కాని మీ అవసరానికి ఇదీ పూర్తిగా సరిపోదు. తనకు రావలసిన సెలవు ఇవ్వలేదని ఉద్యోగి చెప్పుకుంటే అది ఫిర్యాదు. ఒక మందుకు నాణ్యత పరీక్ష చేయకుండానే చేసినట్టు పత్రం సృష్టించారని అదే ఉద్యోగి చెబితే, అక్కడ నష్టపోయేది అతను కాదు, అతనికి ముఖపరిచయం కూడా లేని రోగి. తన బాధ చెప్పుకోవడానికీ, నోరు లేని మరొకరి తరఫున నోరు తెరవడానికీ ఒకే మాట వాడితే, రెండో పని చేసినవాడిని ‘నీకేమైంది, నీకేం నష్టం’ అని అడిగే అవకాశం ఆ మాటే ఇస్తుంది.

ఈ సందర్భంలో పితూరీ అనే మాటను కూడా తలచుకోవాలి. రంప పితూరీ అన్నప్పుడు దాని అర్థం తిరుగుబాటు. ‘నా మీద పితూరీలు చెబుతున్నాడు’ అన్నప్పుడు పైవారికి చేరవేసే నేరారోపణ. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయని నేను చాలాకాలం ఆలోచించాను. పెత్తనం చేసేవాడి పీఠం మీద నుంచి చూస్తే రెండూ ఒకేలా కనబడతాయన్నదే నాకు తోచిన జవాబు.

మరి చెప్పేవాడి మనసు మంచిదై ఉండనక్కరలేదా అని మీ సహోద్యోగి అడగవచ్చు. మంచిదైతే సంతోషమే, కాని దాన్ని షరతుగా పెట్టకూడదని నా అభిప్రాయం. పదోన్నతి దక్కక మనసు విరిగిన ఉద్యోగి చెప్పినంత మాత్రాన దొంగ లెక్క మంచి లెక్క అయిపోదు. బ్రిటన్‌లో 1998లో వచ్చిన ప్రజాప్రయోజన వెల్లడి చట్టం మొదట్లో సదుద్దేశాన్ని షరతుగానే పెట్టింది. 2013లో ఆ షరతును తొలగించి, సదుద్దేశం లేదని తేలితే పరిహారంలో కొంత తగ్గించే వీలు మాత్రం మిగిల్చారు. యూరోపియన్ యూనియన్ 2019లో వెలువరించిన ఆదేశం కూడా, చెప్పిన సమయానికి ఆ సమాచారం నిజమని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయా అని చూస్తుంది గాని, ఏ ఉద్దేశంతో చెప్పారన్నది లెక్కలోకి తీసుకోదు. చాడీ అన్న మాట అడిగే ప్రశ్నను ఈ చట్టాలు తెలిసే పక్కన పెట్టాయన్నమాట.

ఇక సామెత సంగతి. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నది విభీషణుణ్ణి మనసులో పెట్టుకొని పుట్టిన మాట. అయితే ఈ సామెత కథలోని చివరి అడుగునే గుర్తు పెట్టుకుంది. విభీషణుడు మొదట రాముడి దగ్గరికి పోలేదు. సీతను తిరిగి అప్పగించమని అన్నగారికి అన్నగారి సభలోనే హితం చెప్పాడు, చెప్పినందుకు నలుగురిలో నిందలు పడ్డాడు, ఆ తరువాతనే నలుగురు అనుచరులతో లంక విడిచాడు. ముందు లోపల చెప్పడం, లోపల వినేవారు లేనప్పుడు బయటికి వెళ్లడం అనే క్రమం నేటి నియమావళులు చాలావాటిలో కనబడేదే. లోపల చెబితే సాక్ష్యాలు మాయమవుతాయనో, చెప్పినవాడి మీద కక్ష తీర్చుకుంటారనో భయపడే పరిస్థితి ఉంటే నేరుగా బయటి అధికారులకు చెప్పడం కూడా న్యాయమే, పైన చెప్పిన యూరప్ ఆదేశం దానికి అనుమతిస్తుంది కూడా. సామెతలో పూర్తిగా నిజం లేదని మాత్రం నేను అనను. కొనుగోలుదారుల వివరాలు, తయారీ సూత్రాలు, రోగుల చరిత్రలు నిజంగా గుట్టుగా ఉంచవలసినవే, వాటిని బయట పెట్టినవాడు ద్రోహే. గుట్టు వేరు, గుట్టు చాటున దాచిన తప్పు వేరు. సామెత మొదటిదాన్ని కాపాడితే మేలు, రెండోదానికి కాపలా కాస్తేనే కీడు.

ఇలాంటి సందర్భాల్లోనే ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడు’ అన్న నింద కూడా వినబడుతుంది. వాసాలు లెక్కపెట్టేవాడు వాటిని ఊడదీసుకుపోవాలని చూసేవాడు. వాసానికి చెద పట్టిందని చెప్పదలచినవాడు కూడా తలెత్తి వాసాల వంక చూడక తప్పదు. ఇంటి మీద విశ్వాసం ఉన్నవాడు ఇద్దరిలో ఎవరు? పై అధికారి వేరు, సంస్థ వేరు అన్న సంగతి మరచిపోయినప్పుడే ఈ నింద అతుకుతుంది. మౌనంగా ఉండిపోవడం కూడా నిర్దోషమేమీ కాదని మన కవిత్వం ఎప్పుడో చెప్పింది. ధర్మమూ సత్యమూ పాపం చేత, బొంకు చేత చెడిపోతుంటే ‘దక్షులెవ్వార లుపేక్ష సేసి’రో వారికే చేటని తిక్కన కృష్ణుడి చేత కౌరవ సభలో పలికించాడు. అందరూ అనకుండా దక్షులు అనడంలోనే అందం ఉంది. ఆపగల సామర్థ్యం, తెలిసిన సమాచారం ఉన్నవాడికే ఆ బాధ్యత, తెలియనివాడికి కాదు.

ప్రజావేగు విషయంలో మీ మొదటి సహోద్యోగితో నేను ఏకీభవిస్తాను. వైయాకరణులైతే సంస్కృత పదాన్ని దీర్ఘంతో అలాగే ఉంచి తెలుగు పదంతో సమాసం చేయడాన్ని ఆక్షేపిస్తారు. వాడుకలో స్థిరపడిన మాటను ఆ కారణంతో కాదనవలసిన అవసరం లేదు. నా అభ్యంతరం అర్థం గురించి. వేగు మరొకరు పంపగా వెళ్తాడు, వెతకడమే అతని వృత్తి, పంపిన దొరకు జవాబుదారీ. అక్రమాన్ని చెప్పే ఉద్యోగిని ఎవరూ పంపలేదు. తన బల్ల దగ్గర తన పని తాను చేసుకుంటుండగా సంతకం చేయమని ముందుకు వచ్చిన కాగితంలో తప్పు కనబడింది, అంతే. పైగా ఇంగ్లీషు మాటలో ఉన్నది ఈల. ఈల నలుగురికీ వినబడేది, వేగు మోసుకెళ్లేది ఒక్క చెవికి. 1970ల తొలినాళ్లలో అమెరికాలో వినియోగదారుల హక్కుల కోసం పోరాడిన రాల్ఫ్ నాదర్ ఆ ఈల మాటకు గౌరవార్థం కల్పించి ప్రచారంలోకి తెచ్చారు. ఇన్ఫార్మర్, స్నిచ్ వంటి మాటలకు అప్పటికే అంటుకుని ఉన్న నీచార్థాన్ని తప్పించుకోవడమే ఆయన ఉద్దేశం. ఆ భాషవారు వదిలించుకున్న అర్థాన్ని మనం వేగుతో మళ్లీ తెచ్చుకోవడం ఎందుకు?

పత్రికా శీర్షికకు పొట్టి మాట కావాలి, నియమావళికి ఆ ఇరుకు లేదు. ‘అక్రమాలను తెలియజేసే ఉద్యోగుల రక్షణ నియమావళి’ అని పేరు పెట్టండి. లోపల రెండు క్రియలను వేరుగా ఉంచండి: సంస్థలోని అధికారికి చెప్పడాన్ని ‘తెలియజేయడం’ అనండి, ప్రభుత్వ సంస్థకో, పత్రికలకో చెప్పడాన్ని ‘వెల్లడించడం’ అనండి. చెప్పినవారిని ‘తెలియజేసిన వ్యక్తి’ అంటే చాలు, బిరుదు అవసరం లేదు.

మీరు అడగకపోయినా, ఇటువంటి పత్రాల్లో తరచుగా జరిగే ఒక పొరపాటును ప్రస్తావించాలి. ‘అజ్ఞాతంగా’, ‘గోప్యంగా’ అన్న మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటారు. అజ్ఞాతమంటే పేరు ఎవరికీ తెలియదు, ఆకాశరామన్న ఉత్తరం అలాంటిది. గోప్యమంటే పేరు ఒకరికి తెలుసు, ఆ ఒకరు దాన్ని దాచి ఉంచుతామని మాట ఇచ్చారు. మొదటిది రాసినవాడి జాగ్రత్త, రెండోది అందుకున్నవాడి బాధ్యత. జాతీయ రహదారి పనుల్లో అవకతవకలను ప్రధానమంత్రి కార్యాలయానికి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే, తన వివరాలు జతచేసి, వాటిని గోప్యంగా ఉంచమని కోరారు. ఆ లేఖ కార్యాలయాల మధ్య చేతులు మారింది, కోరిన గోప్యత నిలవలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. హత్య కారణాల విచారణ వేరే సంగతి. గోప్యత అన్న మాట కాగితం మీద రాసినవారు దాన్ని ఎవరు, ఎలా కాపాడాలో కూడా ఆ కాగితం మీదే రాయాలన్నది మాత్రం నేను గట్టిగా చెబుతాను.

తెలియజేసే పత్రం నమూనాలో తెలుగు వ్యాకరణం మీకు ఒక గొప్ప సాయం చేస్తుంది. ‘గోదాములో లేని సరుకును రిజిస్టరులో ఉన్నట్టు రాశారు’, ‘రాశారట’, ‘రాసినట్టున్నారు’ అన్న మూడు వాక్యాలు చూడండి. మొదటిది చూసినవాడు చెప్పేది, రెండోది విన్నవాడు చెప్పేది, మూడోది జాడను బట్టి ఊహించినవాడు చెప్పేది. ఒక్క ‘ట’ చేరడంతో సాక్ష్యం వార్తగా మారిపోతుంది. విన్నదాన్ని చూసినట్టు రాస్తే నిరపరాధికి అన్యాయం జరుగుతుంది, చూసినదాన్ని భయం కొద్దీ ‘రాశారట’ అని మెత్తబరిస్తే విచారణ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. అందువల్ల చూసినది, విన్నది, ఊహించినది అని మూడు గడులు విడిగా పెట్టండి. ‘సరుకు తక్కువ చేయబడింది’ వంటి కర్మణి వాక్యాలను మీ నమూనాలో వాడకండి. ఆ వాక్యంలో పని కనబడుతుంది గాని చేసినవాడు కనబడడు.

చివరగా, ఎవరి మీద చెబుతున్నారో వారిని ఏమనాలన్నది కూడా తేల్చుకోండి. ‘నిందితుడు’ పోలీసు కేసుకు సంబంధించిన మాట, విచారణకు ముందు ‘దోషి’ అనడం అన్యాయం. ‘ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి’ అని రాసి, ఆ వ్యక్తి సమాధానానికి కూడా, తెలియజేసిన వ్యక్తికి ఇచ్చినంత చోటును అదే పత్రంలో ఇవ్వండి.